హోమ్ నుంచి పారిపోయే పిల్లలు

తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో అప్పుడప్పుడూ ఒక శీర్షిక కనిపిస్తుంది: ‘హోమ్ నుంచి బాలురు పరారీ’. కింద నాలుగు వాక్యాల వార్త. కిటికీ ఊచలు వంచారనో, వెనక గోడ దూకారనో, కాపలాదారు కన్నుగప్పారనో ఉంటుంది. పోలీసులు గాలిస్తున్నారని, సిబ్బందికి మెమోలు ఇచ్చారని కూడా ఉంటుంది. ఎలా వెళ్లారో అంత వివరంగా చెప్పే ఆ వార్తలో ఎందుకు వెళ్లారో, ఎవరి దగ్గరికి వెళ్దామనుకున్నారో వెతికినా దొరకదు. ‘పరారీ’ అన్న మాటే నేరస్థుల ఖాతాలోది. దొంగ పరారవుతాడు, బెయిలు మీద వచ్చిన ముద్దాయి పరారవుతాడు. ఇంట్లో రోజూ జరిగే కొట్లాట చూడలేక రైలెక్కి, సికింద్రాబాద్‌లో దిగి, పోలీసుల కంటబడి హోమ్‌కు చేరిన పదకొండేళ్ల పిల్లాడికి ఆ మాట అతకదు.

సంరక్షణలో ఉన్న పిల్లలంటే, కన్నవాళ్లు లేకో, ఉన్నా చూసుకోలేకో, వాళ్ల దగ్గర ఉంటే ప్రమాదమయ్యో ప్రభుత్వం తన బాధ్యత కిందికి తీసుకున్న పిల్లలు. అనాథలే ఉంటారనుకోవడం పొరపాటు. చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. ప్లాట్‌ఫారాల మీద దొరికినవాళ్లు, గాజుల కార్ఖానాల నుంచీ ఇటుక బట్టీల నుంచీ విడిపించినవాళ్లు, బాల్యవివాహం తప్పించి తెచ్చినవాళ్లు, కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు అందరూ ఈ లెక్కలోకే వస్తారు. మన దేశంలో వీళ్లు ఎక్కువగా ఉండేది సంస్థల్లో: బాలల గృహాలు, బాల సదన్‌లు, ఓపెన్ షెల్టర్లు, అబ్జర్వేషన్ హోమ్‌లు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ చేయించిన సర్వే 2018లో బయటికొచ్చినప్పుడు దేశంలో 9,589 సంస్థలు, వాటిలో సుమారు 3.7 లక్షల మంది పిల్లలు తేలారు. పదింట తొమ్మిది స్వచ్ఛంద సంస్థలు నడిపేవే. ఇంగ్లండ్‌లో, అమెరికాలో ఎక్కువమందిని పెంపక కుటుంబాల్లో ఉంచుతారు. కాబట్టి పారిపోవడం ఒక్కోచోట ఒక్కో రూపంలో ఉంటుంది. ఇక్కడ గోడ దూకుతారు. అక్కడ పట్టపగలే తలుపు తీసుకుని వెళ్లి, చెప్పిన వేళకు తిరిగిరారు.

ఎంతమంది ఇలా వెళ్లిపోతున్నారన్న ప్రశ్నకు జవాబు, ఆ లెక్క ఎవరు వేస్తున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. 2012లో బ్రిటన్ పార్లమెంటు సభ్యుల బృందం ఆన్ కాఫీ అధ్యక్షతన ఈ విషయం మీద విచారణ జరిపింది. సంరక్షణ నుంచి తప్పిపోయిన పిల్లలు ఏడాదికి 930 మంది అని విద్యాశాఖ లెక్క. పోలీసుల లెక్క ప్రకారం సుమారు 10,000 మంది. ఒకే దేశంలో, ఒకే ఏడాదికి సంబంధించిన రెండు ప్రభుత్వ లెక్కలివి! ఆ తర్వాత నమోదు పద్ధతి మారింది. ఇటీవలి సంవత్సరాల్లో అక్కడ సంరక్షణలో ఉన్న పిల్లల్లో సుమారు పదిమందికి ఒకరు ఏడాదిలో కనీసం ఒక్కసారైనా కనిపించకుండా పోతున్నట్టు తేలుతోంది. వాళ్లలో చాలామంది ఒక్కసారితో ఆగరు.

తప్పించుకోవడమే ఫిర్యాదు

2018 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని దేవరియాలో పదేళ్ల పాప ఒక ఆశ్రయ గృహం నుంచి తప్పించుకుంది. ఆమె ఊరికో రైల్వే స్టేషన్‌కో పోలేదు, నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్లింది. లోపల ఏం జరుగుతోందో చెప్పింది. పోలీసులు దాడి చేసి 24 మంది బాలికలను బయటికి తెచ్చారు. ఆ గృహం అనుమతి అంతకు ఏడాది ముందే రద్దయింది, అయినా నడుస్తూనే ఉంది. సరిగ్గా అదే కాలంలో బీహార్‌లోని ముజఫర్‌పూర్ హోమ్ ఉదంతం దేశాన్ని కుదిపేసింది. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ బృందం సోషల్ ఆడిట్ కోసం వెళ్లి పిల్లలతో విడిగా మాట్లాడితే తప్ప అక్కడి లైంగిక హింస బయటపడలేదు. 2020లో ఢిల్లీ కోర్టు 19 మందిని దోషులుగా నిర్ధారించింది, హోమ్ నడిపినవాడికి జీవితఖైదు పడింది. ముజఫర్‌పూర్‌లో నిజం బయటికి రావాలంటే పెద్దవాళ్ల బృందం లోపలికి వెళ్లాల్సి వచ్చింది. దేవరియాలో ఆ పని ఒక చిన్నపిల్ల తన కాళ్ల మీద నడిచి చేసింది. ఆమె దారిలోనే దొరికిపోయి, రిజిస్టర్‌లో ‘పారిపోయింది, తిరిగి తెచ్చాం’ అన్న ఒక్క వాక్యంగా మిగిలిపోయి ఉంటే?

ఇంత ఘోరం జరిగే చోట్ల నుంచే పిల్లలు పారిపోతారనుకోకూడదు. కాకపోతే మొదట చూడాల్సింది ఇదే. 2025 జనవరిలో విశాఖపట్నంలోని బాలికల హోమ్‌లో కొందరు గోడ ఎక్కి, తమను వేధిస్తున్నారని రోడ్డు మీద వెళ్లేవాళ్లకు వినిపించేలా కేకలు వేశారు. ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. ఇలాంటప్పుడు ‘ఆ పిల్లలు అంతే, మొండివాళ్లు’ అన్న మాట సిబ్బంది నోట వెంటనే వస్తుంది. అది నిజమో కాదో తేల్చాల్సింది ఆ సిబ్బంది కాదు.

ఇక ఎక్కువ హోమ్‌లలో పిల్లలను బయటికి నెట్టేవి చూడ్డానికి చిన్న సంగతులు. పెద్ద కుర్రాళ్లు చిన్నవాళ్ల కంచంలో గుడ్డు లాక్కుంటారు. రాత్రి పక్క తడిపినవాణ్ని పొద్దున వరసలో నిలబెట్టి నవ్వుతారు. ఏ వస్తువుకూ తాళం ఉన్న పెట్టె ఉండదు, కొత్త చొక్కా రెండు రోజులు నిలవదు. వీటన్నిటికంటే పెద్దది ఇంకోటుంది. ఇక్కడ ఎన్నాళ్లుండాలో పిల్లాడికి ఎవరూ చెప్పరు. జైల్లో ఉన్నవాడికైనా విడుదల తేదీ తెలుస్తుంది. ‘మీ నాన్నకు కబురు పంపాం, వస్తాడు’ అని చెప్పి మూడు నెలలు గడిస్తే, పిల్లాడు తానే నాన్న దగ్గరికి బయల్దేరతాడు.

పండగల ముందు, వేసవి సెలవుల ముందు జాగ్రత్తగా ఉండాలని హోమ్‌లలో పనిచేసేవాళ్లు అంటారు. దసరాకు, సంక్రాంతికి కొందరు పిల్లల కోసం ఎవరో ఒకరు సంచి పట్టుకుని వస్తారు. రానివాళ్లు గేటు దగ్గర నిలబడి చూస్తారు. ఆ రాత్రి వాళ్లలో ఎవరికి నిద్ర పట్టదో పసిగట్టడానికి మనస్తత్వశాస్త్రం చదివి ఉండాల్సిన పని లేదు.

ఎటు వెళ్తున్నారు?

పిల్లలు దేని నుంచి పారిపోతున్నారన్న ప్రశ్నకు జంటగా దేని వైపు పారిపోతున్నారన్న ప్రశ్న ఉంది. ఈ రంగంలో అంతగా అడగని ప్రశ్న ఇదే. పరిశోధకులు మాత్రం అడిగారు. బ్రిటన్‌లోని యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన జిమ్ వేడ్, నీనా బీహల్ బృందం 1998లో ప్రచురించిన అధ్యయనంలో రెండు తీరులు కనిపించాయి. ఒకటి, ఎక్కడో ఒకచోట తలదాచుకుంటూ తిరిగే అసలైన పలాయనం. రెండోది, స్నేహితుల దగ్గరో బంధువుల దగ్గరో ఉండిపోయి అనుమతి లేకుండా రాత్రి గడపడం. రెండింటినీ ఒకే గాటన కట్టి ఒకే శిక్ష వేస్తే, రెండో రకం పిల్లలు మొదటి రకంలోకి జారిపోతారు.

అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రపు రికార్డుల మీద షికాగోలోని చాపిన్ హాల్ పరిశోధన సంస్థ చేసిన పని కూడా ఇలాంటిదే చెప్పింది. ఒక ఇంటి నుంచి మరో ఇంటికి ఎన్నిసార్లు మారిస్తే పిల్లలు పారిపోయే అవకాశం అంత పెరుగుతుంది. బంధువుల దగ్గర ఉంచిన పిల్లలు, తోబుట్టువులతో కలిపి ఉంచిన పిల్లలు తక్కువగా వెళ్లిపోతారు. వెళ్లినవాళ్లలో చాలామంది చేరేది తమ నుంచి దూరం చేసిన ఆ కుటుంబాల దగ్గరికే, పాత వీధి స్నేహితుల దగ్గరికే. ఏ తల్లి దగ్గర ప్రమాదమని పిల్లను తెచ్చారో, ఆ తల్లి కోసమే పిల్ల నలభై మైళ్లు నడుస్తుంది. పెద్దలకు ఇది అర్థం లేని పనిలా కనిపిస్తుంది. తాగివచ్చి కొట్టే తండ్రి గురించి కూడా ‘మా నాన్న’ అనే చెప్పే పిల్లల్ని చూసినవాళ్లకు ఇందులో వింత లేదు.

దూరం కూడా ఒక కారణమే. 2019లో ఆన్ కాఫీ బృందమే మరో విచారణ జరిపి, సొంత ఊళ్లకు దూరంగా వేరే జిల్లాల్లో పెట్టిన పిల్లలు ఎలా తప్పిపోతున్నారో, నేరముఠాలు వాళ్లను ఎలా పట్టుకుంటున్నాయో వివరించింది. మనకు ఇది మరీ బాగా తెలిసిన కథ. 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీ భవానీనగర్‌లో పోలీసులు గాజుల తయారీ గదుల నుంచి 200 మందికి పైగా పిల్లలను విడిపించారు. వాళ్లలో అత్యధికులు బీహార్ పిల్లలు. ఆ తర్వాత వాళ్లను సొంత రాష్ట్రానికి పంపారు. అలాంటి పిల్లలు కొన్ని వారాలైనా తెలుగు హోమ్‌లో ఉండాల్సి వస్తుంది. వాళ్ల మాట సిబ్బందికి అర్థం కాదు, మన పులుసు, పచ్చడి వాళ్ల నోటికి పట్టవు. పైగా ‘విడిపించాం’ అన్నది మన మాట. నెలకు ఇంత పంపుతానని ఇంట్లో చెప్పి వచ్చిన పన్నెండేళ్లవాడి దృష్టిలో అతని పని పోయింది. వాడు మళ్లీ ఆ పని దగ్గరికే పోవాలని చూస్తే ఆశ్చర్యం లేదు.

బయటి నుంచి లాగే చేతులు మరీ ప్రమాదకరం. ఇంగ్లండ్‌లోని రాదరమ్ పట్టణంలో 1997 నుంచి 2013 దాకా కనీసం 1,400 మంది పిల్లలు లైంగిక దోపిడీకి గురయ్యారని 2014 ఆగస్టులో అలెక్సిస్ జే నివేదిక అంచనా వేసింది. వాళ్లలో కొందరు సంరక్షణ గృహాల్లో ఉన్న బాలికలు. రాత్రిళ్లు గేటు బయట కార్లు ఆగేవి. అమ్మాయిలు వెళ్లేవారు, రెండు రోజులకు తిరిగొచ్చేవారు, మళ్లీ వెళ్లేవారు. అది వాళ్లు ‘ఎంచుకున్న జీవితం’ అని అధికారులు ఏళ్లపాటు సరిపెట్టుకున్నారు. బహుమతి, ఫోన్, కాస్త మెచ్చుకోలు: ఇంట్లో ఇవి ఎరగని పిల్లకు వాటిని ఇచ్చినవాడు దేవుడిలా కనిపిస్తాడు. తర్వాత వాడు అడిగేది తెలిసేసరికి బయటపడే దారి ఉండదు.

మన స్టేషన్లలో లాగే చేతులు ఇంకో రకం. ఖాళీ సీసాలు ఏరితే వచ్చే డబ్బు, అడిగేవాడు లేని రాత్రి, రుమాలులో పోసుకుని పీల్చే సొల్యూషన్, వైట్‌నర్. మత్తుకు అలవాటుపడిన పిల్లాడు హోమ్‌లో మొదటి వారం నిలవలేకపోవడం క్రమశిక్షణ సమస్య కాదు, వైద్య సమస్య. మీరా నాయర్ తీసిన ‘సలామ్ బాంబే!’ (1988) చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అందులో కుర్రాడు బాలుర హోమ్ నుంచి తప్పించుకుని మళ్లీ వీధిలోకే వస్తాడు. ఆ వీధి అతణ్ని ఏం చేసిందో ప్రేక్షకుడు చూస్తాడు. వీధి స్వేచ్ఛను కవిత్వం చేయడం ఇంట్లో కూర్చున్నవాళ్లకు తేలిక. పెనం మీంచి పొయ్యిలో పడ్డ పిల్లలు చాలామంది ఉన్నారు.

ఏ వయసులో, ఎప్పుడు అన్నదాంట్లో కొంత స్పష్టత ఉంది. పదమూడు పద్నాలుగేళ్లు దాటాక పలాయనాలు పెరుగుతాయి. చేరిన తొలి రోజులు, తొలి వారాలు సున్నితమైనవి. నచ్చిన వార్డెనో కౌన్సెలరో ఉద్యోగం మానేసి వెళ్లినప్పుడు, కోర్టు వాయిదా ముందు, ఇంటి నుంచి వచ్చిన ఫోన్ తర్వాత కూడా కనిపెట్టుకుని ఉండాలి.

చట్టం ఏమంటోంది

హోమ్ నుంచి వెళ్లిపోవడం భారతదేశంలో నేరం కాదు. 2016 జనవరిలో అమల్లోకి వచ్చిన బాల న్యాయ చట్టం (2015) ‘తప్పిపోయిన లేదా పారిపోయిన’ బిడ్డను సంరక్షణ, రక్షణ అవసరమైన బిడ్డల జాబితాలోనే పెట్టింది. ఎవరి కంటపడినా 24 గంటల్లో, ప్రయాణ సమయం మినహాయించి, బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. కేసుల్లో ఉన్న పిల్లలు అబ్జర్వేషన్ హోమ్ నుంచో స్పెషల్ హోమ్ నుంచో పారిపోతే ఏం చేయాలో 26వ సెక్షన్ చెబుతుంది: పోలీసులు తమ సంరక్షణలోకి తీసుకుని 24 గంటల్లో బాల న్యాయ మండలి ముందు పెట్టాలి, పారిపోయినందుకు అదనంగా ఏ చర్యా మొదలుపెట్టకూడదు. ‘ఇంకో కేసు పడుతుంది’ అని పిల్లల్ని బెదిరించే సిబ్బంది ఈ వాక్యం చదివి ఉండరు.

పిల్లల గృహాల్లో కొట్టడం శిక్షార్హం. 82వ సెక్షన్ ప్రకారం మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, మళ్లీ చేస్తే మూడు నెలల దాకా జైలు. తప్పిపోయిన ప్రతి బిడ్డ విషయంలోనూ ఎఫ్ఐఆర్ రాయాల్సిందేనని, అపహరణ లేదా అక్రమ రవాణా జరిగి ఉండొచ్చన్న అనుమానంతోనే మొదలుపెట్టాలని 2013 మే నెలలో బచ్‌పన్ బచావో ఆందోళన్ సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తెలంగాణ పోలీసులు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పిల్లలను వెతుకుతారు. 1996లో ముంబైలో మొదలైన 1098 హెల్ప్‌లైన్ ఇప్పటికీ ఉచితం, 2023 నుంచి దాన్ని 112 అత్యవసర వ్యవస్థతో కలిపారు.

ఇన్ని ఉన్నా హోమ్‌ల కట్టడాల్లో పాత వాసన పోలేదు. ఎత్తైన గోడ, ఇనుప గేటు, లెక్కపెట్టి లోపలికి పంపే సాయంత్రపు హాజరు: ఇవన్నీ 1897 నాటి రిఫార్మేటరీ స్కూల్స్ చట్టం కాలపు ఆలోచనలు. చట్టం మూడుసార్లు మారింది (1986, 2000, 2015). గేటు మారలేదు.

తిరిగొచ్చినప్పుడు

పిల్ల తిరిగొచ్చిన మొదటి గంట తర్వాతి కథను చాలావరకు తేల్చేస్తుంది. ఆ గంటలో అందరి ముందు నిలబెట్టి తిట్టడం, నెల రోజులు ఆటలు మాన్పించడం, ఇంటికి ఫోన్ చేసుకునే అవకాశం తీసేయడం మామూలుగా జరిగేవి. మూడోది మరీ విడ్డూరం. ఇంటి మీద బెంగతో పోయినవాడికి ఇంటి మాటే లేకుండా చేస్తే, వాడు రెండోసారి ఇంకాస్త జాగ్రత్తగా గోడ దూకుతాడు. చేయాల్సిన పని మన అమ్మమ్మలకు తెలిసినదే. ముందు స్నానం, వేడి అన్నం, నిద్ర. ఒంటి మీద దెబ్బలున్నాయేమో వైద్యుడు చూడాలి. ప్రశ్నలు తర్వాత.

ఆ ప్రశ్నలు ఎవరు అడగాలన్నది ముఖ్యం. ఇంగ్లండ్‌లో 2014 నాటి ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం తిరిగొచ్చిన బిడ్డతో 72 గంటల్లోగా ఒక స్వతంత్ర వ్యక్తి మాట్లాడాలి. అంటే ఆ బిడ్డను చూసుకునే బాధ్యత లేని మనిషి. హోమ్ మీదే ఫిర్యాదు ఉంటే హోమ్ సూపరింటెండెంట్‌కే చెప్పుకోమంటే ఏ పిల్ల చెబుతుంది? ఆచరణలో ఈ సంభాషణలు అన్నిచోట్లా సమయానికి జరగడం లేదని, జరిగినా తూతూమంత్రంగా నడుస్తున్నాయని అక్కడ విమర్శలున్నాయి. అయినా ఆ ఆలోచన మంచిదే. మన దగ్గర ఆ పని చేయగల వ్యవస్థ ఇప్పటికే ఉంది. సంక్షేమ సమితిలో అధ్యక్షులు కాక నలుగురు సభ్యులుంటారు, కనీసం ఒకరు మహిళ. నెలకు రెండుసార్లయినా వాళ్లు హోమ్‌లను తనిఖీ చేయాలని చట్టమే చెబుతోంది. ఆ తనిఖీ స్టోర్ రూమ్‌లో బియ్యం బస్తాల దగ్గర ఆగిపోకుండా, గత నెల పారిపోయి తిరిగొచ్చిన పిల్ల పక్కన కాసేపు కూర్చుంటే చాలు.

ఇంగ్లండ్‌లోని డరమ్ పోలీసులు మొదలుపెట్టిన ఫిలొమీనా ప్రొటోకాల్ ఇంకో చిన్న, పనికొచ్చే ఆలోచన. పిల్లలకు సంరక్షకురాలిగా క్రైస్తవులు కొలిచే ఒక పునీతురాలి పేరు దానికి పెట్టారు. పిల్ల హోమ్‌లో ఉండగానే, ఏ గొడవా లేని రోజునే, ఒక కాగితం మీద కొన్ని వివరాలు రాసి ఉంచుతారు: ఇటీవలి ఫొటో, స్నేహితుల పేర్లు, ఇదివరకు వెళ్లినప్పుడు దొరికిన చోటు, వాడే మందులు. కనిపించకపోతే పోలీసులకు ఫోన్ చేసేలోగా కన్నవాళ్లు ఏం చేస్తారో సిబ్బంది అదే చేయాలి. స్నేహితులకు ఫోన్ చేయాలి, వీధి చివరిదాకా వెళ్లి చూడాలి. పది నిమిషాలు ఆలస్యమైతే పోలీసు జీపు, నిజంగా తప్పిపోతే కాలయాపన: ఈ రెండు తప్పులూ తగ్గడానికి అది పనికొస్తోంది.

అక్కడ కూడా ఘోరమైన వైఫల్యాలున్నాయి. తోడెవరూ లేకుండా ఆశ్రయం కోరి వచ్చిన విదేశీ పిల్లలను 2021 నుంచి హోటళ్లలో ఉంచారు. 2023 జనవరి నాటికి వాళ్లలో సుమారు 200 మంది ఆచూకీ లేదని మంత్రి పార్లమెంటులో ఒప్పుకున్నారు. పిల్లలను అలా మామూలుగా హోటళ్లలో ఉంచడం చట్టవిరుద్ధమని అదే ఏడాది జులైలో హైకోర్టు తేల్చింది.

అమెరికాలోని ఫ్లోరిడాలో పరిశోధకుడు హ్యూయిట్ క్లార్క్ బృందం 2008లో ప్రచురించిన చిన్న ప్రయోగం ఈ రంగంలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. పదేపదే పారిపోయే కొద్దిమంది కిశోర వయస్కులతో మాట్లాడి, పారిపోతే వాళ్లకు ఏం దొరుకుతోందో కనుక్కున్నారు. ఒకరికి తమ్ముణ్ని చూడటం, ఒకరికి స్నేహితుడి ఇల్లు, ఇంకొకరికి నచ్చని ఇంటి నుంచి తప్పించుకోవడం. సాధ్యమైనంతవరకు ఆ దొరికేదాన్ని పారిపోకుండానే దొరికేలా మార్చారు. తమ్ముడితో వారానికోసారి కలిసే ఏర్పాటో, ఉండే ఇల్లు మార్చడమో. పలాయనాలు తగ్గాయి. అదే దేశంలో 2014లో వచ్చిన ఫెడరల్ చట్టం కూడా ఈ దారినే పట్టింది. సంరక్షణలో ఉన్న బిడ్డ తప్పిపోతే వెతకడంతో సరిపెట్టకుండా, ఎందుకు వెళ్లిందో తెలుసుకుని తర్వాతి ఏర్పాటులో దానికి జవాబు చూపాలని రాష్ట్రాల మీద బాధ్యత పెట్టింది.

తాళం వేయాలా?

సిబ్బంది అడిగే ప్రశ్న న్యాయమైనదే: గేటు తెరిచి ఉంచి, పిల్ల వెళ్లి రైలు కింద పడితే ఎవరిది పూచీ? ఇంగ్లండ్ చట్టం ఇక్కడ ఒక మధ్యేమార్గం పెట్టింది. పదేపదే పారిపోతూ, అలా పోతే తీవ్రమైన హాని జరిగేలా ఉన్న బిడ్డను తాళం వేసిన సురక్షిత గృహంలో ఉంచవచ్చు. కోర్టు అనుమతి లేకుండా 28 రోజుల్లో 72 గంటలకు మించకూడదు. అంటే తాళం అసాధారణమైన పని, దానికి న్యాయమూర్తి ముందు కారణం చెప్పాలి. మన దగ్గర అదే మామూలు.

తాళం లేకుండా నడిపినవాళ్లు మన దేశంలో లేకపోలేదు. సామాజిక కార్యకర్త హర్ష్ మందర్ చొరవతో మొదలైన హోమ్‌లు, హైదరాబాద్‌తో సహా పలు నగరాల్లోని రెయిన్‌బో హోమ్స్ ఖాళీగా పడివున్న ప్రభుత్వ పాఠశాలల గదులను వాడుకుంటూ, తెరిచిన తలుపుల పద్ధతి పాటించాయి. పిల్లలు అక్కడే బడికి వెళ్తారు, తల్లో తండ్రో ఉంటే వచ్చి చూసి వెళ్తారు. అంతకుముందే, 1989లో విజయవాడలో సలేషియన్ మతగురువు థామస్ కోశి నవజీవన్ బాల భవన్ ప్రారంభించారు. అది కూడా స్టేషన్ పిల్లల దగ్గరికి తానే నడిచి వెళ్లడంతో మొదలైంది. ప్లాట్‌ఫారం మీద పరిచయమై, అన్నా అని పిలిచే చనువు వచ్చాక పిల్లాడు తన కాళ్లతో తానే లోపలికి వస్తాడు. అలా వచ్చినవాడు మళ్లీ వెళ్లినా, తలుపు తట్టడానికి జంకడు.

రాయచూరులో 1992లో పుట్టిన సాథీ సంస్థ మరో కోణం చూపింది. స్టేషన్‌లో దొరికిన పిల్లాణ్ని ఎన్నాళ్లు హోమ్‌లో ఉంచితే ఇంటి దారి అంత మూసుకుపోతుందని వాళ్ల అనుభవం. అందుకే దొరికిన వెంటనే ఇంటికి చేర్చే ప్రయత్నం చేస్తారు. వీధికి బాగా అలవాటుపడినవాళ్లకు నెల రోజుల శిబిరం పెడతారు. ఆటలు, మాటలు, కోపాలు అన్నీ అయ్యాక శిబిరం చివర్లో తల్లిదండ్రులు వస్తారు. కొడుకు కనబడగానే తల్లి ఏడుపు ఆగదు, తండ్రి మాత్రం ఎటో చూస్తూ నిలబడతాడు. అన్ని కుటుంబాలకూ ఇది సరిపోదు. కొట్టి తరిమిన ఇంటికే మళ్లీ పంపితే రైలు మళ్లీ ఎక్కుతాడు. ఇంటి పరిస్థితి చూశాకే పంపాలని చట్టం సామాజిక విచారణ నివేదిక అడిగేది అందుకే.

రోజువారీ పనుల్లో ఖర్చు లేనివి చాలా ఉన్నాయి. పిల్లల కమిటీలు ఉండాలని, 6-10, 11-15, 16-18 ఏళ్లవాళ్లకు వేర్వేరుగా ఉండాలని నిబంధనలున్నాయి. సలహాల పెట్టె ఆఫీసు గదికి దూరంగా, పిల్లలు పడుకునే గదులకు దగ్గరగా పెట్టాలని, తాళంచెవి హోమ్ అధిపతి దగ్గర ఉండకూడదని, వారానికోసారి తెరవాలని కూడా ఉంది. ఎవరో తెలిసినవాళ్లు రాసిన నిబంధన అది. చేరిన రోజునే ఇక్కడ ఎన్నాళ్లో, తర్వాత ఏమిటో పిల్లకు తన భాషలో చెప్పడం, తమ్ముడు వేరే హోమ్‌లో ఉంటే నెలకోసారైనా కలపడం, వారానికోసారి ఇంటికి ఫోన్, పండక్కి ఎవరూ రాని పిల్లలను ఒకరి ఇంటికి భోజనానికి తీసుకెళ్లడం: ఇందులో దేనికీ బడ్జెట్ సమావేశం అక్కర్లేదు. ఒకటి మాత్రం డబ్బుతో ముడిపడిన సంగతి. హోమ్‌లలో పిల్లలతో రాత్రీ పగలూ ఉండే ఆయాలు, కేర్‌టేకర్లు చాలాచోట్ల కాంట్రాక్టు ఉద్యోగులు. ఆరు నెలలకో మనిషి మారితే పిల్లకు ‘అక్క’ అన్న మాటే అరిగిపోతుంది.

హోమ్‌కు రాకుండానే ఆపగలిగే పిల్లలు కూడా ఉన్నారు. కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య కింద, ఆదుకునేవాళ్లు లేని తల్లికో అమ్మమ్మ తాతలకో బిడ్డను ఇంట్లోనే ఉంచుకోవడానికి నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఇస్తారు. పెంపక కుటుంబాలకు కూడా అంతే. సంస్థ చివరి మార్గమే కావాలని బాల న్యాయ చట్టం మూడో సెక్షన్‌లో రాసి ఉంది. తండ్రి చనిపోయి, కూలికి పోయే తల్లి ‘హోమ్‌లో అయితే తిండి, చదువు ఉంటాయి కదా’ అని దస్తఖతు పెట్టే కేసుల్లో ఈ 4,000 రూపాయలు సకాలంలో అందితే చాలా గోడలు దూకాల్సిన పని ఉండదు.

పన్నెండేళ్లప్పుడు గోడ దూకితే నాలుగు జిల్లాలు వెతికి తెచ్చిన వ్యవస్థే, పద్దెనిమిది నిండిన రోజున సంచి చేతికిచ్చి గేటు తెరుస్తుంది. అందుకే ఆ వయసు దగ్గరపడిన పిల్లల్లో ఒక కొత్త అలజడి కనిపిస్తుంది. ఎలాగూ పొమ్మంటారు, ముందే పోతే ఏం అనుకునేవాళ్లున్నారు. చట్టంలోని 46వ సెక్షన్ బయటికి వెళ్లేవాళ్లకు ఆర్థిక సాయం ఇవ్వవచ్చంటుంది. వసతి, శిక్షణతో కూడిన అనంతర సంరక్షణ 21 ఏళ్ల దాకా, ప్రత్యేక పరిస్థితుల్లో 23 దాకా దొరుకుతుంది. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగం ద్వారా వెళ్లాలి. హోమ్‌లో పదిహేడో పుట్టినరోజు జరుపుకునే ప్రతి పిల్లకూ ఆ కాగితం గురించి అప్పుడే చెప్పాలి.